వేసవి లంకకు తూర్పు దారి

సంపాదకులకు,

వేసవి సెలవులకు జంటలు శ్రీలంక చుట్టిరావడానికి మీ పర్యాటక పేజీలో వేసిన ఆరు రోజుల పథకం చూశాం. కొలంబో, బెంటోట, గాలే, ఎల్ల, నువర ఎలియ, క్యాండీ, సిగిరియ. రోజుకో ఊరికి మించే, ఊరికో ఫొటో. ఊళ్లన్నీ మంచివే. అందులో లేనిదల్లా నెల. అదే పథకం జనవరికి వేసుంటే ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు. మే, జూన్‌లకు వేశారు కాబట్టి రాస్తున్నాం.

శ్రీలంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్‌లో సగానికి తక్కువ. అంత చిన్న దేశానికి వానలు మాత్రం రెండు వాటాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనం పడమటి ఒడ్డునూ కొండల పడమటి వాలునూ తడుపుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనం తూర్పు, ఉత్తర భాగాల మీద కురుస్తుంది. నడుమ ఉన్న కొండలు గోడలా అడ్డం నిలబడతాయి. నైరుతి మబ్బులు పడమటి వైపే నీళ్లు దించేసుకుని, గోడ దాటేసరికి వట్టిపోతాయి. మనకు సెలవులొచ్చే రోజుల్లో కొలంబో, బెంటోట, గాలే గొడుగు కింద ఉంటే తూర్పు ఒడ్డున ఉన్న ట్రింకోమలీలో సముద్రం చెరువులా పడుకుని ఉంటుంది. లంకలో ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక ఒడ్డున ఎండ ఉంటుందని ప్రచారంలో చెప్పేది నిజమే. ఏ నెలలో ఏ ఒడ్డో చెప్పరు, అంతే.

బెంటోట, హిక్కడువ, మిరిస్స తీరాల్లో ఆ నెలల్లో ఎర్రజెండాలు ఎగురుతుంటాయి. అల పెద్దదవడం ఒక్కటే కాదు, విరిగిన అల వెనక్కి వెళ్తూ కాళ్ల కింది ఇసుకతో సహా మనిషిని లోపలికి లాగుతుంది. ఈత వచ్చినవాళ్లే అక్కడ ఎక్కువ ధైర్యం చేసి దెబ్బతింటారు. మిరిస్సలో తిమింగలాలను చూపించే పడవలకు అదను నవంబరు నుంచి ఏప్రిల్. మే నుంచి ఆగస్టు దాకా ఆ పని ట్రింకోమలీది. మరి 'బెంటోటలో మూడు రాత్రులు, సగం ధరకే' అనే ప్యాకేజీలు సరిగ్గా జూన్‌లోనే ఎందుకు వస్తాయంటే, సముద్రంలోకి దిగలేని నెలలు కాబట్టే. గదిలోంచి వాన చూస్తూ మూడు రోజులు కూర్చోవడం ఇష్టమైన జంటకు అది నిజంగా మంచి బేరం, కాదనం. ఈతకని వెళ్లేవాళ్లకు మాత్రం కాదు.

ఇంకో అపోహ కూడా ఉంది. మన ఎండలు తప్పించుకోవడానికి లంక వెళ్తున్నామని చాలామంది అనుకుంటారు. సిగిరియ, దాని దగ్గరి హబరణ, ట్రింకోమలీలలో జూన్ మధ్యాహ్నం 34, 35 డిగ్రీలు మామూలు. మన మే నెలతో పోలిస్తే మేలే, చల్లదనం మాత్రం కాదు. చల్లదనం కావాలంటే కొండ ఎక్కాల్సిందే. ఆ కొండ ఏ వైపు ఎక్కాలన్నదే అసలు సంగతి.

నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తున, వాన అందుకునే వైపు ఉంటుంది. జూన్, జూలైల్లో అక్కడ రోజంతా తుంపర, మంచు, చేతికి అందేంత మబ్బు. దగ్గర్లోని హార్టన్ ప్లెయిన్స్‌లో 'ప్రపంచపు అంచు' అనే లోయ కొండ అంచు నుంచి దాదాపు 870 మీటర్ల లోతు. ఆ నెలల్లో టికెట్టు కొని, తెల్లారగట్ల లేచి, తొమ్మిది కిలోమీటర్లు నడిస్తే చాలాసార్లు కనిపించేది తెల్లటి గోడ. అదే శిఖరం దాటి తూర్పు వాలుకు, ఊవ రాష్ట్రంలోకి దిగితే హపుతలె, బండారవెల, ఎల్ల పొడిగా ఉంటాయి. టీ వ్యాపారులకు ఇది తెలిసిన లెక్కే. పడమటి వాలున దింబుల టీకి మంచి ఆకు జనవరి నుంచి మార్చి దాకా వస్తే, ఊవ టీకి జూలై నుంచి సెప్టెంబరు. కొండ దాటి వచ్చే పొడి గాలికి ఆకు ముడుచుకుని దానికా ఘాటు వస్తుంది. టీ ఆకుకు మంచి రోజులే చూడవచ్చినవాళ్లకూ మంచి రోజులు.

రైల్లో వెళ్తే ఈ తేడా కళ్లారా కనిపిస్తుంది. దేశంలోకెల్లా ఎత్తైన స్టేషను పట్టిపొల, 1,898 మీటర్లు. అక్కడిదాకా కిటికీ అద్దం మీద నీటిబొట్లు జారుతూ, తేయాకు తోటలు పొగలో ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ తర్వాత ఒక సొరంగం. చీకట్లోంచి అవతలికి వచ్చేసరికి ఎండ, ఎదురుగా కింద మైళ్ల దూరం పరుచుకున్న మైదానం. రోజూ ఇంత కచ్చితంగా జరుగుతుందని కాదు. జూన్ నుంచి ఆగస్టు మధ్య జరగడానికి వీలు బాగా ఎక్కువ.

కాబట్టి మే చివరి నుంచి ఆగస్టు దాకా వెళ్లే జంట పటం మీద కొండల వెంట ఒక గీత గీసి, గీతకు తూర్పున ఉన్నవే ఎంచుకోవాలి. సిగిరియ పరిసరాలు, ట్రింకోమలీ, ఎల్ల లేదా హపుతలె. దారిలో పడుతుంది కాబట్టి క్యాండీ ఒక రాత్రి. గాలే కోట, బెంటోట మరో డిసెంబరుకు ఉంచుకోవచ్చు, ఎక్కడికీ పోవు.

ఇక రోజుల లెక్క. లంకలో మామూలు రోడ్డు మీద గంటకు 35 నుంచి 45 కిలోమీటర్లకు మించి సాగదు. కొండల్లో 30 కూడా గొప్పే. పటం మీద 90 కిలోమీటర్లు చూసి గంటన్నర అనుకోవడంతోనే చాలా పథకాలు చెడతాయి. కొలంబో దగ్గరి కటునాయక విమానాశ్రయం నుంచి హబరణ సుమారు 160 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కణ్నుంచి ట్రింకోమలీ 90 లోపు, రోడ్డు బాగుంటుంది, రెండు గంటలు. ట్రింకోమలీ నుంచి క్యాండీ 180, ఐదు గంటలు పెట్టుకోండి. క్యాండీ నుంచి ఎల్ల రోడ్డున దాదాపు 140, మరో ఐదు గంటలు. రైల్లో అయితే ఆరున్నర నుంచి ఏడు.

ఈ లెక్కన ఎనిమిది రోజులుంటే హబరణ లేక సిగిరియలో రెండు రాత్రులు, ట్రింకోమలీలో రెండు, క్యాండీలో ఒకటి, ఎల్ల లేక హపుతలెలో రెండు, ఎనిమిదో రోజు రాత్రి విమానం. ఆరు రోజులే ఉంటే కొండల్ని పూర్తిగా వదిలేయండి. హబరణలో రెండు, ట్రింకోమలీలో రెండు, చివరి రాత్రి విమానాశ్రయం పక్కన నెగొంబోలో. చల్లటి ఊరు లేకపోతే భార్యో భర్తో అలుగుతారనుకుంటే ట్రింకోమలీ తీసేసి, హబరణ రెండు, క్యాండీ ఒకటి, ఎల్ల రెండు. హబరణ, ట్రింకోమలీ, కొండలు మూడూ ఆరు రోజుల్లో ఇరికిస్తే కారులోనే కాపురం. ఇద్దరూ విడివిడిగా కాగితం మీద 'ఇది మాత్రం వదలను' అనే రెండేసి పేర్లు రాసుకుని, కలిసినవాటికి రాత్రులు ముందు పంచితే తగాదా సగం తగ్గుతుంది. ఒక్క రాత్రి మాత్రమే ఉండే ఊళ్లు వారంలో రెండు దాటకూడదు. సాయంత్రం చేరి, పెట్టె విప్పి, పొద్దున్నే మళ్లీ సర్దే ఊరు చూసినట్టు కాదు.

తారీఖుల సంగతి. పిల్లల బడితో పనిలేని జంట మేలో వెళ్లాల్సిన అవసరమే లేదు. జూన్ రెండో వారంలో మన బడులు తెరిచాక విమాన టికెట్ల రద్దీ తగ్గుతుంది. మే నెలంటే పడమటి వైపు రుతుపవనం మొదలయ్యే హడావుడి, వరదలు, కొండచరియలు. జూన్ నడిమికి తూర్పు వైపు వాతావరణం కుదుటపడుతుంది. తారీఖు ఖాయం చేసే ముందు పున్నమి ఎప్పుడో క్యాలెండర్లో చూడండి. అక్కడ ప్రతి పున్నమీ 'పోయ' సెలవే. మందు అమ్మరు, మాంసం దుకాణాలు మూస్తారు, గుళ్ల దగ్గర రోడ్లు నిండిపోతాయి. వెసాక్, అంటే బుద్ధ పున్నమికి రోడ్డు పక్కన 'దన్సల' అని పందిళ్లు వేసి వచ్చేపోయేవాళ్లకు ఉచితంగా అన్నం, షర్బతు పెడతారు. మన చలివేంద్రం, అన్నదానం కలిపినట్టుంటుంది. చూడ్డానికి ముచ్చటే, కానీ ఆ రోజు నాలుగు గంటల దారి ఏడు గంటలు పడుతుంది. దాని తర్వాతి పోసొన్ పున్నమికి జనమంతా అనూరాధపురం, మిహింతలే వైపు కదులుతారు. జూలై, ఆగస్టుల్లో క్యాండీలో ఏసల పెరహర అనే గుడి ఊరేగింపు జరిగే రోజుల్లో గదుల ధరలు రెండు మూడు రెట్లవుతాయి. ఊరేగింపు కోసం కాకపోతే ఆ పది రోజులు తప్పించండి.

బుకింగులు ఏ వరుసలో చేయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పు వరుసలో చేసినవాళ్లే డబ్బు పోగొట్టుకుంటారు. మొదట విమానం. హైదరాబాదు నుంచి కొలంబోకు నేరుగా రెండు గంటలే, గడియారం మార్చే పనీ లేదు. విమానం మధ్యాహ్నం లోపు దిగితే నేరుగా హబరణ బండెక్కండి. సాయంత్రం దిగితే నెగొంబోలో పడుకోండి. హబరణ చుట్టూ రోడ్ల మీదికి మసక చీకటి నుంచి అడవి ఏనుగులు వస్తాయి. ముఖ్యంగా హబరణ నుంచి ట్రింకోమలీ వెళ్లే దారిలో. సాయంత్రం ఐదున్నరకల్లా గదికి చేరేలా పథకం వేసుకోవాలి.

తర్వాత ఈటీఏ అనే ప్రయాణ అనుమతి. శ్రీలంక ప్రభుత్వ సొంత సైటులోనే చేయండి. వెతికితే ముందు కనిపించే కొన్ని ప్రైవేటు సైట్లు అచ్చం దానిలాగే ఉండి తమ కమీషను కలిపి వసూలు చేస్తాయి. భారతీయులకు రుసుము ఉందా లేదా అన్నది ఈ మూడేళ్లలో పలుమార్లు మారింది కాబట్టి నిరుటి లెక్క పనికిరాదు, ప్రయాణం ముందు సైటులోనే చూసుకోవాలి. మనవాళ్లు తప్పు చేసేది ఇంటిపేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో, పేరు గడిలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అదే వరుసలో ఎక్కించాలి. టికెట్టు మీద ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటే ఇక్కడ చెక్ ఇన్ దగ్గరే ఆపుతారు. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలుండాలి.

ఆ తర్వాత రైలు. గదుల కంటే ముందు రైలే, ఎందుకంటే కొండ రైలు రిజర్వేషను సరిగ్గా 30 రోజుల ముందు తెరుచుకుంటుంది, మంచి సీట్లు తొందరగా అయిపోతాయి. ఒక ముఖ్యమైన జాగ్రత్త. 2025 నవంబరు చివరి దిత్వా తుపానులో ఈ కొండ రైలు మార్గం చాలాచోట్ల దెబ్బతింది. ఏ స్టేషను నుంచి ఏ స్టేషను దాకా బండి నడుస్తోందో మీ ప్రయాణానికి నెల ముందు రైల్వే సమాచారంలో చూసుకుని, ఆ ముక్క మేరకే టికెట్టు తీయండి. దారంతా నడవకపోయినా నువర ఎలియకు దగ్గరి స్టేషను నాను ఓయ దాటాక పట్టిపొల, హపుతలె, ఎల్ల మధ్య రెండు మూడు గంటల ప్రయాణం దొరికితే చాలు, అసలు అందం అక్కడే ఉంది. క్యాండీలో ఎక్కాలనుకుంటే బండి క్యాండీ స్టేషనులోకి వస్తుందో లేదో అడగండి. కొన్ని బండ్లు క్యాండీలోకి రాకుండా పేరాదెణియ జంక్షను నుంచే మళ్లిపోతాయి. ఏసీ ఫస్టుక్లాసు ఖరీదెక్కువ, కిటికీలు తెరుచుకోవు, అద్దంలో మీ ముఖమే ఫొటోలో పడుతుంది. రిజర్వుడు సెకండుక్లాసే సరైనది. తలుపు దగ్గర వేలాడుతూ ఫొటో దిగడం వద్దు. సొరంగం గోడలూ చెట్ల కొమ్మలూ బండికి జానెడు దూరంలో ఉంటాయి.

గదుల దగ్గర చూడాల్సింది ధర పక్కన ఉండే రెండు కూడిక గుర్తులు. వాటర్థం సర్వీసు చార్జి 10 శాతం, పన్నులు వేరే అని. వ్యాటే 18 శాతం. వంద అనుకున్నది బిల్లులో నూటముప్పై అవుతుంది. 'అన్నీ కలిపి ఎంత' అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. రాత్రిపూట డ్రైవరుకు పడక, భోజనం హోటలు ఇస్తుందో లేదో కూడా అప్పుడే అడగాలి. ఇవ్వకపోతే ఆ ఖర్చు ఎవరిదన్నది మొదటి రాత్రే గొడవవుతుంది.

కారు చివర. డ్రైవరుతో కలిపి మామూలు కారుకు రోజుకు 50 నుంచి 70 డాలర్ల మధ్య అడుగుతారు. పెట్రోలు కలిపారా, డ్రైవరు బత్తా కలిపారా, రోజుకు ఎన్ని కిలోమీటర్లు అన్నవి మూడు ప్రశ్నలు. చాలామంది రోజుకు 100 కిలోమీటర్ల లెక్క పెట్టి, పైన ప్రతి కిలోమీటరుకూ వేరే తీసుకుంటారు. మేం చెప్పిన ఎనిమిది రోజుల దారి కూడితే, విమానాశ్రయం నుంచి హబరణ 160, అక్కడి తిరుగుళ్లు 60, ట్రింకోమలీ 90, అక్కడ 40, క్యాండీ 180, ఎల్ల 140, అక్కడ 40, తిరిగి విమానాశ్రయం 340. మొత్తం 1,050. ఎనిమిది వందలు పోగా 250 కిలోమీటర్లకు అదనపు డబ్బు. ఈ అంకె బేరమాడేటప్పుడే ముందు పెడితే చివరి రోజు మొహాలు మాడవు. మీరు రైలెక్కిన రోజు కారు సామాన్లతో రోడ్డున వెళ్లి దిగే స్టేషను బయట నిలబడుతుంది. పెద్ద పెట్టెలు అందులో పంపి, చేతిసంచీతో రైలెక్కండి.

ఇప్పుడు ఊళ్లు. సిగిరియ ఐదో శతాబ్దంలో కాశ్యప రాజు కట్టించుకున్న కొండకోట. చుట్టుపక్కల నేల నుంచి దాదాపు 180 మీటర్లు, సుమారు 1,200 మెట్లు. తలుపులు తెరిచేసరికే అక్కడుండాలి. తొమ్మిది దాటాక రాయి కాలుతుంది, పైగా చిత్రాల గుహకు వెళ్లే ఇరుకు ఇనప మెట్ల దగ్గర వరస ఆగిపోయి ఎండలో నిలబడాల్సి వస్తుంది. చిత్రాల దగ్గర ఫొటోలు తీయనివ్వరు. సింహపు పంజాల దగ్గర 'నిశ్శబ్దం' అనే బోర్డు మర్యాద కోసం కాదు, రాతికి పెద్ద తేనెటీగల పట్లున్నాయి. అవి లేస్తే దారి మూసేస్తారు. భారతీయ పాస్‌పోర్టు చూపిస్తే సార్క్ దేశాల తగ్గింపు ధర వర్తిస్తుంది. పాస్‌పోర్టు గదిలో వదిలి వెళ్తే మాత్రం పూర్తి విదేశీ ధర కట్టాలి. మోకాళ్ల నొప్పులుంటే 20 కిలోమీటర్ల దూరంలోని దంబుల్ల గుహాలయాలు చాలు, ఐదు గుహలు, ఎక్కడం తక్కువ. ఎదుటి పిదురంగల కొండ మీంచి సిగిరియ బాగా కనిపిస్తుంది. చివరి పది నిమిషాలు బండరాళ్ల సందుల్లో చేతులూ మోకాళ్లూ వాడి పాకాలి, చీరతోనూ పంచెతోనూ కుదరదు.

సాయంత్రం ఏనుగులకు జీపు. మిన్నేరియ, కౌడుల్ల, హురులు మూడు చోట్లున్నాయి. చెరువు ఇంకి గడ్డి బయటపడే కొద్దీ మిన్నేరియలో మందలు చేరతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వందల్లో ఉంటాయి. జూన్‌లో అన్ని ఉండవు, ఏనుగులు ఆ రోజు ఎటు ఉన్నాయో జీపువాళ్లకే తెలుసు. 'మిన్నేరియకే పోదాం' అని పట్టుబట్టకుండా 'ఈరోజు ఎక్కడున్నాయి' అని అడగడం మేలు.

ట్రింకోమలీ తెలుగువాళ్లకు పేరుతో కాకపోయినా శ్లోకంతో తెలుసు. అష్టాదశ శక్తిపీఠాల వరుస మొదలయ్యేదే లంకలోని శాంకరీదేవితో. ఆ పీఠం ఇక్కడి కోణేశ్వరం దగ్గరిదని నమ్మకం. సముద్రం మీదికి పొడుచుకొచ్చిన రాతి మీద గుడి, గుడి దారి ఫ్రెడరిక్ కోటలోంచి, కోటలో చుక్కల జింకలు మేకల్లా తిరుగుతుంటాయి. పాత గుడిని పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు కూల్చారు. పొద్దున్నే వెళ్లండి, చెప్పులు విప్పి నడవాల్సిన రాయి పదింటికే కాలుతుంది.

ఈత, సముద్రం నిలావెలి, ఉప్పువెలి తీరాల్లో. నిలావెలికి కిలోమీటరు దూరంలో పావురాల దీవి, అంటే పిజియన్ ఐలండ్. నీళ్లలో ముఖం పెట్టి పగడాలు, చేపలు చూడ్డానికి మొదటిసారివాళ్లకు ఇంతకంటే తేలికైన చోటు దొరకదు. ఉదయం ఏడింటి పడవే ఎక్కాలి. మధ్యాహ్నానికి గాలి లేచి నీరు మసకబారుతుంది, జనమూ పెరుగుతారు. అక్కడ మనవాళ్లకు జరిగే ముఖ్యమైన ముప్పు మునగడం కాదు, వీపు కాలడం. ముఖం నీళ్లలో, వీపు ఎండలో పెట్టి గంట తేలితే రాత్రికి పడుకోలేరు. పొడుగు చేతుల చొక్కాతోనే దిగండి. ఈత రాకపోతే లైఫ్ జాకెట్ ఒంటికి గట్టిగా కట్టుకుని, ఛాతీలోతులోనే ఉండండి. పగడం మీద నిలబడితే అది చస్తుంది, మీ పాదమూ తెగుతుంది. నల్ల కొసల రెక్కలతో చిన్న సొరచేపలు కనిపిస్తే బెదరాల్సిన పనిలేదు, అవే తప్పుకుంటాయి.

క్యాండీలో బుద్ధుడి పన్ను ఉంచారని నమ్మే దంతధాతు ఆలయానికి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కావాలి. బుద్ధుడి విగ్రహానికి వీపు చూపించి సెల్ఫీ తీసుకోవడం అక్కడ పెద్ద అపచారం. క్యాండీని చివర ఏలినవాళ్లు మదురై వైపు నుంచి వెళ్లిన, తెలుగు మూలాలున్న నాయక వంశీయులు. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని వేలూరు కోటకు పంపిన శ్రీవిక్రమ రాజసింహుడే ఆఖరి రాజు. సొంతచుట్టం ఊరికి వచ్చినట్టు కాస్త ఎక్కువసేపు నిలబడి చూడొచ్చు.

ఎల్లలో తొమ్మిది కమానుల వంతెన, చిన్న శ్రీపాద (లిటిల్ ఆడమ్స్ పీక్) కొండ నడక ఒక పూట చాలు. రద్దీ నచ్చకపోతే హపుతలె మేలు. అక్కడి లిప్టన్ సీటు అనే చోటుకు ఉదయం ఎనిమిదిలోపు చేరాలి, తొమ్మిది తర్వాత మబ్బు కింది నుంచి పైకి లేస్తుంది. అసలు శ్రీపాద శిఖరం ఎక్కే కాలం డిసెంబరు నుంచి వెసాక్ దాకానే. జూన్‌లో దీపాలు, కొట్లు ఉండవు, వెళ్లొద్దు.

తిండి విషయంలో శాకాహారులకు ఒక్క మాట తెలిస్తే చాలు: ఉంబలకడ. ఎండబెట్టిన మాల్దీవుల చేప పొడి. కొబ్బరి పచ్చడి పొల్ సంబోల్‌లోనూ, కొన్ని కూరగాయల కూరల్లోనూ రుచికి వేస్తారు, అయినా దాన్ని 'వెజ్' అనే చెప్తారు, అబద్ధమాడాలని కాదు, వాళ్ల లెక్కలో అది ఉప్పులాంటిది. ఆర్డరు చేసేటప్పుడే 'ఉంబలకడ ఎపా' అనండి. ఎపా అంటే వద్దు. ట్రింకోమలీలో తమిళుల శైవ హోటళ్లలో ఈ బెంగ లేదు. పల్లెల్లో అన్నం, కూరలు పన్నెండింటికి వేడిగా ఉంటాయి, రెండున్నరకు గిన్నెలు ఖాళీ.

మన రూపాయికి మూడుకు పైగా లంక రూపాయలు వస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడి లంకా క్యూఆర్ ఉన్న దుకాణాల్లో మన యూపీఐ నడుస్తోంది. ఫోనులో అంతర్జాతీయ చెల్లింపు ఇక్కడే ఆన్ చేసుకుని వెళ్లండి. జీపు, పడవ, కొబ్బరిబోండాలకు మాత్రం నగదే. విమానాశ్రయంలో రెండు మూడు కౌంటర్ల రేట్లు చూసి కొంత మార్చుకోండి. దోమల మందు మరవొద్దు, వానల నెలల్లో పడమటి వైపు డెంగీ ఉంటుంది, చివరి రాత్రి నెగొంబోలో ఉండేవాళ్లు సాయంత్రమే రాసుకోవాలి.

తిరుగు ప్రయాణం. ఎల్ల నుంచి కొలంబోకు ఫోనులోని పటం బెలిహుల్ ఓయ, రత్నపురం మీదుగా దగ్గరి దారి చూపిస్తుంది. రుతుపవనం రోజుల్లో అది చరియలు విరిగిపడే దారి. వెల్లవాయ, తణమల్విల మీదుగా హంబన్‌టోట వైపు దిగి దక్షిణ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కమని డ్రైవరుకు చెప్పండి. కిలోమీటర్లు వందకు పైగా ఎక్కువవుతాయి, టోలు కట్టాలి. కానీ కొట్టావ దగ్గర బయటి వలయం రోడ్డు పట్టుకుని కెరవలపిటియ మీదుగా కొలంబో ఊళ్లోకి వెళ్లకుండానే కటునాయక చేరొచ్చు. ఐదున్నర గంటల దారి. రాత్రి తొమ్మిది విమానానికి ఎల్లలో ఉదయం పదింటికి బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికీ, ఒక టైరు పంచరుకూ కూడా సమయం మిగులుతుంది.

ఇట్లు,
ఇద్దరు పాఠకులు, తెనాలి